పదో పేరు

ఇరవై నాలుగు మందికి ఎన్ని బియ్యం పోయాలో రేష్మకు ఎవరూ చెప్పలేదు. ఉమేష్ చెప్పిందల్లా ఒక్కటే, అదీ నోట్లో బ్రష్ పెట్టుకుని: "కొంకణ్‌కెల్లి పోరగాండ్లు ఇయ్యాల్నే దిగుతుండ్రు. మనోళ్లతోటి కలిపి ఇరవై మంది, పన్నెండు దినాలు మనింట్లనే తిండి. జర మంచిగ చూసుకో." పుక్కిలించి ఉమ్మి, బైకెక్కి సిరొంచ బస్టాండుకు పోయాడు. పెద్ద గంజు ఎవరింట్లో దొరుకుతుంది, కట్టెలు ఎవరినడగాలి, ఆడపిల్లలు పడుకోబోయే ముందుగదిలోని వడ్ల బస్తాలు ఎక్కడికి జరపాలి, ఇవన్నీ పెళ్ళాం తల్లి కడుపులోంచే నేర్చుకుని వచ్చిందని అతని నమ్మకం. రేష్మ కొంగు బొడ్లో దోపుకుని బియ్యం కడగడానికి కూర్చుంది. మూడోసారి నీళ్ళు వంచేసరికి నడుము పట్టేసింది.

ఉమేష్ చెడ్డవాడని ఎవరన్నా అంటే ముందు రేష్మే ఒప్పుకోదు. తాగడు, చెయ్యెత్తడు. మహారాష్ట్ర అంచునున్న ఆ తెలుగు ఊరు అంకిసలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా అతని ఆన్‌లైన్ సెంటరే దిక్కు. మధ్యాహ్నం అతను కునుకు తీసే రెండు గంటలూ ఆ సెంటర్లో కూర్చుని ఫారాలు నింపేది రేష్మ. బోర్డు మీద పేరు అతనిది, ఫోన్ నంబరు అతనిది. ఇరవై ఆరేళ్ళప్పుడు యువక మండలికి అధ్యక్షుడయ్యాడు, ఇప్పుడు ముప్ఫై నాలుగు. మండలిలో చేరడానికి వయసు దాటిందేమో గాని అధ్యక్షుడిగా ఉండడానికి ఇంకా దాటలేదు.

ఈ రాకపోకల కార్యక్రమం ఊరికి తెచ్చింది కూడా అతనే. పుణెలోని ఒక సంస్థ నడిపిస్తోంది. కొంకణ్ తీరం నుంచి పది మంది యువతీ యువకులు మార్చిలో ఇక్కడికొచ్చి పన్నెండు రోజులుండి ఊరి పనులు చేయాలి. ఏప్రిల్ చివర్లో ఇక్కడి పది మంది అక్కడికి పోయి పన్నెండు రోజులుండాలి. పద్దెనిమిది నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళే. సగం మంది ఆడపిల్లలు కావాలి. ఒక్కరు తగ్గినా మొత్తం ప్రయాణం రద్దు.

ఆ అయిదుగురు ఆడపిల్లల కోసం ఉమేష్ ఎక్కని గడప లేదు. సిరొంచలో బట్టల దుకాణం నడిపే జమాలుద్దీన్ దగ్గరికి మూడుసార్లు పోయాడు. ఆయన కూతురు నుస్రత్‌కు ఇరవై ఏళ్ళు, సిగ్గుతో నోట్లోంచి మాట రాదు. ఆడవాళ్ళతో మాట్లాడడానికి ఆడమనిషి ఉండాలని రేష్మను కూడా వెంట తీసుకుపోయాడు. "చాచా, బిడ్డ నాలుగు ఊర్లు చూస్తెనే నాలుగు మాటలు మాట్లాడ్తది. ఇంట్ల కూసోబెట్టి ఎన్నేండ్లు కావలి కాస్తవు? పన్నెండు దినాలు లేకుంటె ఇల్లేమన్న మునుగుతదా?" అని అతను ముందుగదిలో అంటుంటే, లోపల నుస్రత్ తల్లి షకీలా పక్కన కూర్చుని రేష్మ మురిసిపోయింది. తన మొగుడు ఎంత మంచి మాట అన్నాడో అనుకుంది. "నీ బిడ్డ నాకు చెల్లెలసొంటిది ఆపా, నా మాట మీద పంపు" అని ఆమె చెయ్యి కూడా పట్టుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఉమేష్‌కు రచ్చ గెలవడం మంచినీళ్ళ ప్రాయం. ఇంట్లో గెలవాల్సింది ఒకటుందనే అతనికి తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు రేష్మకూ తట్టలేదు.

వచ్చిన పిల్లలు మంచివాళ్ళే. అందులో ప్రణాలి అనే అమ్మాయి వాళ్ళకు నాయకురాలు, మాట కరుకు, మనసు మెత్తన. ఇక్కడి పదిమందీ వాళ్ళతో కలిసి విరిగిపోయిన బోరింగు గద్దె కట్టారు, బడి గోడలకు సున్నం వేశారు, పింఛను రాని ముసలివాళ్ళ ఇళ్ళకు పోయి కాగితాలు సరిచేశారు. పిల్లలు ఎదగడమంటే ఏమిటో రేష్మ కళ్ళారా చూసింది. మొదటి రెండు రోజులూ గోడవైపు తిరిగి అన్నం తిన్న నుస్రత్, ఎనిమిదో రోజున తనకంటే జానెడు పొడుగున్న కుర్రాడి చేతిలో చీపురు పెట్టి "నిన్న నేనూడ్చిన, ఇయ్యాల నీ వంతు" అంది. అంకిస కుర్రాడు నాగేష్‌కు వాళ్ళమ్మ మంచినీళ్ళు కూడా చేతికి అందించేది. వాడు బోరింగు కాడినుంచి రెండు బిందెలు మోసుకురావడం చూసి ఆమె గడపలో నిలబడి ముక్కున వేలేసుకుంది. ఒక కొత్త మనిషి పక్కన నిలబడితే మన పనులు మనకే కొత్తగా కనబడతాయి కాబోలు. ఇదంతా రేష్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. చూసి సంతోషపడింది కూడా, అబద్ధమెందుకు.

తొమ్మిదో రోజున జిమల్‌గట్ట అవతల అడవిలో ఒక గోండు పల్లెకు రెండు రోజుల శిబిరానికి పోయారు. వండడానికి రేష్మ వెంట పోక తప్పలేదు. ఆరేళ్ళ కూతురు పింకిని అత్త నర్సక్కకు అప్పజెప్పింది. ఉమేష్‌కు గుర్తుందో లేదో గాని ఆ వైపు రేష్మకు పుట్టిల్లు. జిమల్‌గట్టలో వాళ్ళ నాన్నకు కుట్టుమిషను దుకాణం ఉండేది. గోండు పిల్లలతో ఆడుకుంటూ పెరిగింది, వాళ్ళ గోండి మాట ఆమెకు నోటికి వచ్చు.

అప్పుడు ఇప్పపువ్వు రాలే కాలం. రెండో రోజు పొద్దున రేష్మ పొయ్యి మీద అన్నం పెట్టి, వంకాయలు కోస్తూ కూర్చుంది. బయట అరుపులేమీ లేవు. అరుపులు లేకపోవడమే ఆమెకు వింతగా అనిపించింది. ఇప్ప కాలంలో ఆ వేళకు ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని చెట్ల కింద ముచ్చట్లాడుకుంటూ ఉండాలి. తల ఎత్తి చూస్తే బడి ముందు ఆడవాళ్ళంతా ఖాళీ బుట్టలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు ఒక టార్పాలిన్ పట్టా మీద ఇప్పపువ్వు, నడుమెత్తు కుప్ప. కుప్ప చుట్టూ చెమటలు తుడుచుకుంటూ ఇరవై మంది పిల్లలు, మెప్పు కోసం చూస్తున్నారు.

పిల్లలు చేసిందేమిటంటే, అమ్మలకు పొద్దున్నే నడుము వంచే బాధ తప్పిద్దామని, వెలుగు రాకముందే లేచి ఊరి చివరి తొమ్మిది చెట్ల కింద రాలిన పువ్వంతా ఏరి ఒక్కచోట పోశారు. అందరికీ సమానంగా పంచుదామన్నది వాళ్ళ ఆలోచన. కొంకణ్ వాళ్ళకు తెలియదు సరే. అంకిస పిల్లలు వరిచేలల్లో, చేపల వలల మధ్య పెరిగినవాళ్ళు, అడవి చెట్టు అంటే ఎవరిదీ కాదనే అనుకున్నారు. ఆ పల్లెలో ప్రతి ఇప్పచెట్టూ ఒక ఇంటిది. చెట్టుకు కంచె ఉండదు, కాగితం ఉండదు, అయినా ఒకరి చెట్టు కింద ఇంకొకరు వంగరు. ఆ తొమ్మిదింటిలో చివరి చెట్టు సోనుబాయిది. మొగుడు పోయినప్పుడు ఆమె అన్నదమ్ములు ఆమెకిచ్చిన చెట్టు. ఆ ఏడాది అది ఆ రోజే మొదటిసారి పువ్వు రాల్చింది. మొదటి దోసెడు ఇంటి ఆడమనిషే ఏరి చెట్టు మొదట్లో పెట్టి, ఆ తరువాతే బుట్ట నింపుకోవాలి. ముసలామె కుప్ప పక్కన కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. ఉమేష్ మరాఠీలో సమభాగాలనీ శ్రమదానమనీ ఏదేదో చెబుతుంటే ఆమె అతని వైపు చూడను కూడా లేదు.

రేష్మ కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. పోయి సోనుబాయి పక్కన నేల మీద కూర్చుంది. గోండిలో తప్పయిందని చెప్పింది, తరువాత ఒక్క ప్రశ్న అడిగింది: ఇప్పుడేం చేయమంటావు? పొద్దుటి నుంచి ఆ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు. సోనుబాయి ఎక్కడి పువ్వు అక్కడికి మోసుకుపోయి చెట్ల కింద పోయమంది. ఎవరిది ఎవరికి ఎంత పోయినా ఫరవాలేదు, మేం మళ్ళీ ఏరుకుంటాం, మా చెట్టు కింద మేమే ఏరుకుంటాం అంది. పిల్లలు ఆ ఎండలో కుప్పంతా బుట్టలకెత్తి మోశారు. ఏరినదాన్ని మళ్ళీ నేలపాలు చేయడానికి ప్రణాలికి మనసొప్పలేదు, మొహం ఎర్రబడింది. కాని చివరి చెట్టు దగ్గర సోనుబాయి వంగి మొదటి దోసెడు ఏరి మొదట్లో పెట్టడం చూశాక ఆ పిల్ల చెప్పులు విడిచి నిలబడింది. "సాయం చేసే ముందు అడగాలని నాకెవరూ నేర్పలేదు వహినీ" అంది రేష్మతో మరాఠీలో, వదిన అని పిలుస్తూ. అది నిజమైన మాట. ఆ పిల్ల ఆ పొద్దున పెద్దదయింది.

తిరిగొచ్చేసరికి అన్నం అడుగంటింది. ఉమేష్ మూత తీసి చూసి, పది మంది ముందు, మెల్లగానే అన్నాడు: "ఒక్క పూట గూడ జర చూసుకోకపోతివా? పోరగాండ్లు ఏం తినాలె?"

రేష్మ మాడింది తన కంచంలో వేసుకుని, మంచిది పిల్లలకు పెట్టింది. ఆ వారం యువక మండలి వాట్సాప్ గుంపులో వచ్చిన నివేదికలో "స్థానికులతో తలెత్తిన చిన్న అపార్థాన్ని అధ్యక్షుడు సమయస్ఫూర్తితో పరిష్కరించాడు" అని ఉంది. ఆ నివేదికను సెంటర్లో టైపు చేసింది రేష్మే. అతను చెప్పాడు, ఆమె కొట్టింది. ఆ వాక్యం దగ్గర వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి, అంతే.

పదకొండో రోజు ప్రణాలి పుట్టినరోజు. రేష్మ సేమియా పాయసం చేసింది. ఎన్నేళ్ళమ్మా అంటే ఇరవై ఎనిమిది అంది ప్రణాలి. రేష్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "నాకు ఇరవై ఏడు" అంది. ఆ పిల్ల కంగారుపడి, ఇన్ని రోజులూ కాళ్ళకు దండం పెట్టినంత పని చేశానే అని నవ్వింది. తమ ఊళ్ళో మగవాళ్ళు చేపలు తెస్తారని, రేవులో వేలం పాడి ధర తేల్చేది మాత్రం ఆడవాళ్ళేనని, తన తల్లి గొంతు లేస్తే దళారులు సర్దుకుని నిలబడతారని చెప్పింది. "వహినీ, అయితే మీరు కూడా రావచ్చు కదా, వచ్చి మా అమ్మను చూద్దురు" అంది. రేష్మ నోరు తెరిచేలోపు అటునుంచి ఉమేష్ అందుకున్నాడు. "ఆమె వస్తె మాకు అన్నమెవలు పెడ్తరు?" అందరూ నవ్వారు. రేష్మ కూడా నవ్వింది. ఎవరో తన మీద జోకు వేస్తే, తాను కూడా నవ్వి దానికి రసీదు ఇచ్చినట్టయింది.

మరునాడు వీడ్కోలు సభ. ఏం నేర్చుకున్నారో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. నుస్రత్ మైకు పట్టుకుని మూడు భాషల్లో మాట్లాడితే వెనక నిలబడ్డ జమాలుద్దీన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాగేష్ లేచి, "నా కంచం నేనే కడుక్కున్న. పన్నెండు దినాలు. ఇగ ఇంట్ల గూడ కడుగుత" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. వాళ్ళమ్మ ఏడ్చేసింది. వెనక ఎంగిలి గిన్నెలు తోముతున్న రేష్మ కూడా తడిచేతులతోనే చప్పట్లు కొట్టింది. కొట్టిన తరువాత చేతుల వైపు చూసుకుంది. పన్నెండు రోజులు చేస్తే ఎదుగుదలట. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నదాన్ని ఏమంటారో ఎవరూ చెప్పలేదు. పిల్లలందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. రేష్మకు చీర పెట్టారు, "వదినమ్మ చేతి వంట" అని మైకులో అన్నారు. ఆమె పేరు ఎవరికీ గుర్తు రాలేదు. పేరు అవసరమని కూడా ఎవరికీ అనిపించలేదు.

ఏప్రిల్ మధ్యలో అసలు తంటా వచ్చింది. పదో పేరు కృష్ణకాంత్ కూతురు అరుణశ్రీది. కృష్ణకాంత్ అదే వీధిలో రైతు. అతను వచ్చి అరుగు మీద కూర్చుని పిల్లను పంపనన్నాడు.

"ఆకు సీజను మొదలైతది ఉమేష్. తునికాకు తెంపాలె, కట్టలు కట్టాలె. ఇంట్ల ఒక్క చెయ్యి తక్కువైనా నడువది. ఆడివిల్లను అంత దూరం తోలి నేనేం చేసుకోవాలె?"

"రేపు సాయంత్రం లోపు పేర్లు పంపాలె కాకా. నీ బిడ్డ ఒక్కతి పోకుంటె తొమ్మిది మంది ఆగిపోతరు" అన్నాడు ఉమేష్. అంటూ తన మామూలు ధోరణిలోకి వెళ్ళిపోయాడు. "ఆడివిల్ల నాలుగు ఊర్లు చూడొద్దా? ఆమె మనిషి కాదా? పన్నెండు దినాలు లేకుంటె ఇల్లేమన్న మునుగుతదా?"

కృష్ణకాంత్ చుట్ట చెవి సందున దోపుకున్నాడు. "మాటలు మంచిగనే చెప్తవు. మరి నీ ఇంట్లకెల్లి ఎవలు పోతుండ్రు?"

"మా ఇంట్ల ఆ వయసు ఆడోళ్లు ఎవలున్నరు కాకా? ఉంటె పంపకపోదునా?"

చాయ్ గ్లాసులు పట్టుకుని రేష్మ గడపలో ఉంది. ఉమేష్ ఆమె చేతిలోంచే గ్లాసు అందుకుంటూ ఆ మాట అన్నాడు. అబద్ధమాడే మనిషి కళ్ళు ఎక్కడో తడబడతాయి. అతని కళ్ళు తడబడలేదు. నిజంగానే వెతికాడు, నిజంగానే ఎవరూ కనబడలేదు. రేష్మ రెండో గ్లాసు కృష్ణకాంత్ ముందు పెట్టి లోపలికి పోయింది.

కోపమా అంటే కోపమే, కాని దాని కింద ఇంకేదో ఉంది. వద్దన్నాడనుకుంటే పోట్లాడవచ్చు. వద్దనడానికైనా ముందు మనిషి ఉందని గుర్తించాలి కదా. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, ఇక్కడ పెరట్లో చెట్టుందనే గుర్తు లేదు. పంతొమ్మిదేళ్ళకు ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచి ఆమెను కోడలన్నారు, వదిన అన్నారు, వహిని అన్నారు, పింకి తల్లి అన్నారు. ఆ పిలుపులన్నీ ఆమె వయసును ఎక్కడికి తీసుకుపోయాయో. తన కంటే ఏడాది పెద్దదైన ప్రణాలి కాలేజీ పిల్లలా పరుగులు పెడుతుంటే, తాను అత్త పక్కన కూర్చుని మోకాళ్ళ నూనె గురించి మాట్లాడుతోంది. పోనీ, అతన్ని అనడమెందుకు? తనకు తానైనా ఎన్నడు గుర్తొచ్చింది? ప్రణాలి నోరు తెరిచి రమ్మంటే తానూ అందరితో పాటు నవ్వింది కదా. నుస్రత్ మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆ పిల్ల కొత్త సంచి కొనుక్కుని రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తోంది. షకీలా చెయ్యి పట్టుకుని మాటిచ్చింది తానే. అది ఒక కారణం. కాని అదొక్కటే కారణమని చెప్పుకుంటే మళ్ళీ ఎవరి కోసమో పోయినట్టవుతుంది. తాను పోవాలనుకుంటోంది, తన కోసం. ధర తేల్చే ఆ ఆడవాళ్ళ గొంతు ఎట్లా ఉంటుందో వినాలని ఉంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఒక కోరిక అంత స్పష్టంగా ఆమెకు వినబడింది.

అతని సంచిలోంచి ఖాళీ ఫారం తీసింది. ఊరివాళ్ళ ఫారాలు కొన్ని వందలు నింపిన చేత్తో మొదటిసారి తన పేరు రాసింది. వయసు ఇరవై ఏడు. సేవా అనుభవం అన్న గడిలో ముందు ఏమీ తోచలేదు. తరువాత జిమల్‌గట్ట అవతలి పల్లె పేరు రాసి, "గోండి, తెలుగు, మరాఠీ మాట్లాడతాను. ఇరువైపుల వాళ్ళ మధ్య మాట కుదిర్చాను" అని రాసింది. రాసినది రెండుసార్లు చదువుకుంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

వెనక గదిలో నర్సక్క చింతపండు పిక్కలు తీస్తోంది. అత్తకు మోకాళ్ళు నొప్పులే గాని చెవులు బాగా పనిచేస్తాయి.

"అత్తమ్మా, పన్నెండు దినాలు..." అంటూ రేష్మ మొదలుపెట్టింది.

"పోయేదానివి పో పిల్లా. నన్ను మాత్రం అడగకు" అంది నర్సక్క తల ఎత్తకుండా. "అడిగితివంటె వద్దంట. అత్తను గద."

రేష్మ ఇక అడగలేదు. అరుగు మీదికి వచ్చేసరికి కృష్ణకాంత్ లేచి పోతున్నాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఫారం ఉమేష్ చేతికిచ్చింది.

అతను చదివాడు. పేరు దగ్గర ఒకసారి, వయసు దగ్గర ఒకసారి ఆగాడు. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు. లెక్క సరిపోయినట్టుంది, మొహం ఎర్రబడింది.

"నువ్వా?"

"నేనే."

"మరి పింకి?"

"దానికి బడి సెలవులే. తండ్రివి నువ్వున్నవు, నాయనమ్మ ఉంది."

"మధ్యాహ్నం సెంటర్ల ఎవలు కూసుంటరు?"

"బోర్డు మీద పేరున్నోళ్లు కూసుంటరు."

ఉమేష్ నవ్వబోయాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. వీధిలోకి చూశాడు, ఫారంలోకి చూశాడు. ఊళ్ళో ఏ తండ్రి ముందూ ఎన్నడూ వాడని గొంతుతో అడిగాడు.

"పన్నెండు దినాలు నువ్వు లేకుంటె ఇల్లు ఎట్ల నడుస్తదే?"

వెటకారానికి అడిగింది కాదు, భయపడే అడిగాడు. అందుకని రేష్మ కూడా నిజంగానే ఆలోచించింది. ఎనిమిదేళ్ళు వెనక్కి పోయి ఒక్కొక్క రోజూ వెతికి చూసింది.

"ఏమో" అంది. "నేను లేకుంట ఈ ఇల్లు నడువంగ నేనెన్నడు చూడలే."